పరువు పూచీ మీద నడిచిన వ్యాపారం

చిన్న రుణాల (మైక్రోఫైనాన్స్) సంస్థల్లో ఇంటర్నల్ ఆడిటర్‌గా నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం గడిచింది. ఆడిటర్ అంటే ఆఫీసులో కూర్చుని లెడ్జర్లు తిరగేసే మనిషి అనుకుంటారు. మా పని ఎక్కువగా ఊళ్ళలోనే ఉండేది. ముందుగా కబురు పెట్టకుండా బ్రాంచికి వెళ్ళాలి. పొద్దున్నే సేఫ్ తెరిపించి, నోట్లు లెక్కపెట్టి, క్యాష్ బుక్కుతో సరిచూడాలి. తర్వాత ఫీల్డ్ అసిస్టెంటు బండి వెనక కూర్చుని, ఏడు గంటలకల్లా ఏదో ఒక ఊళ్ళో సెంటర్ మీటింగుకు చేరుకోవాలి. మధ్యాహ్నం ఇళ్ళకు వెళ్ళి, పాస్‌బుక్కులో అంకెలూ మా కంప్యూటర్లో అంకెలూ ఒకటేనా అని చూడాలి. రాత్రికి రిపోర్టు రాయాలి.

సెంటర్ మీటింగు చూడనివాళ్ళ కోసం రెండు మాటలు. ఎవరి అరుగు ముందో, రామాలయం మండపంలోనో చాపలు పరుస్తారు. ఐదుగురు ఒక గ్రూపు. గ్రూపుకొక వరస చొప్పున ఆడవాళ్ళు కూర్చుంటారు. అందరూ కలిసి ప్రతిజ్ఞ చెబుతారు. ప్రతి గ్రూపు లీడరూ తన వరసలో డబ్బు పోగుచేసి ముందుకు అందిస్తుంది. ఫీల్డ్ అసిస్టెంటు లెక్కపెట్టి, కలెక్షన్ షీటులో గుర్తు పెట్టుకుని, పాస్‌బుక్కుల్లో సంతకాలు చేస్తాడు. కూలి పనుల వేళ కాకముందే అంతా అయిపోవాలి. అతనికి మరో ఊళ్ళో మరో మీటింగు ఉంటుంది.

ఈ పద్ధతి బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకు నుంచి వచ్చింది. ఆ బ్యాంకూ, దాని వ్యవస్థాపకుడు మహమ్మద్ యూనస్ 2006లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారు. అక్కడ బ్యాంకులో ఎక్కువ వాటా అప్పు తీసుకున్న ఆడవాళ్ళదే. ఇక్కడికి వచ్చేసరికి మీటింగూ, గ్రూపూ, వారం కిస్తీ వచ్చాయి గానీ ఆ యాజమాన్యం రాలేదు. మన దగ్గర పెద్ద సంస్థలు చాలావరకు సొసైటీలుగా మొదలై, తర్వాత వాటాదారులున్న ఫైనాన్స్ కంపెనీలుగా మారాయి.

ఆ రోజుల్లో మా రంగం ఎక్కడికి వెళ్ళినా గర్వంగా చెప్పుకున్న అంకె 99. తాకట్టు లేకుండా ఇచ్చిన అప్పులో నూటికి 99 పాళ్ళు గడువుకు తిరిగి వస్తోంది. బంగారం లేదు, పొలం కాగితాల్లేవు, జీతం స్లిప్పు లేదు. మరి సంస్థలు దేన్ని నమ్ముకుని ఇచ్చినట్టు?

దానికి సరైన జవాబు నాకు ఏ శిక్షణ తరగతిలోనూ దొరకలేదు. వరంగల్ దగ్గర ఒక పల్లెలో దొరికింది. జ్వరంతో వారం రోజులుగా కూలికి పోని ఒక తల్లి, కిస్తీ మాత్రం ఆ వారమూ కట్టింది. డబ్బు ఎలా తెచ్చారని అడిగాను. ముక్కుపుడక కుదువ పెట్టిందట. ఒక వారం ఆగమని మీ గ్రూపును అడగకపోయారా అన్నాను. ఆమె అన్న మాట ఇది: "నేను కట్టకుంటె నా వంతు మా వదినె కట్టాల్నాయె. రేపు బోరింగు కాడ దాని ముఖం ఎట్ల జూడాలె సారూ?"

మా వ్యాపారానికి తాకట్టు అదే. బోరింగు దగ్గర ఒకరి ముఖం ఒకరు చూసుకోగలిగే పరువు. మా బ్యాలెన్స్ షీటులో దానికి ఒక్క లైను కూడా లేదు.

ఎవరు కట్టిన ఇల్లు

ఆ పరువు, ఆ ఐకమత్యం మా సంస్థలు పుట్టించినవి కావు. వాటికి ముందు పెద్ద కథ ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణాలకు ఎదురు నిలిచారు. ఆ ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సారా మీద పోయే డబ్బు మిగిలితే ఏం చేయాలన్న ఆలోచనలోంచి పొదుపు సంఘాలు ఊపందుకున్నాయి. రోజుకో రూపాయి దాచుకోవడంతో మొదలైన సంఘాలవి. సరిగ్గా ఆ కాలంలోనే, 1992లో, నాబార్డు పొదుపు సంఘాలను బ్యాంకులతో కలిపే పథకం మొదలుపెట్టింది. డ్వాక్రా అప్పటికే ఉంది. 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్ వచ్చింది. వెలుగు, ఇందిరా క్రాంతి పథం, 2004లో పావలా వడ్డీ వచ్చాయి.

ఇన్నేళ్ళలో ఊరూరా ఆడవాళ్ళు నేర్చుకున్నవి చాలా ఉన్నాయి. నలుగురూ కూడి కూర్చోవడం, తీర్మానం రాయడం, లెక్క అడగడం, సంతకం పెట్టడం, ఒకరికి కష్టం వస్తే మిగతావాళ్ళు సర్దడం. దీని వెనక ప్రజల పన్ను డబ్బు ఉంది, ప్రభుత్వోద్యోగుల శ్రమ ఉంది, అన్నిటికీ మించి ఆ ఆడవాళ్ళ ఓర్పు ఉంది. ఒక రకంగా అది రాష్ట్రం మొత్తం కలిసి కట్టుకున్న ఉమ్మడి ఆస్తి.

మా సంస్థలు అడుగుపెట్టింది ఆ ఆస్తి మీదికి. మిగతా రాష్ట్రాల్లో గ్రూపు కట్టడానికి నెలలు పట్టే చోట ఇక్కడ రోజుల్లో పని అయ్యేది. ఉన్న డ్వాక్రా సంఘంలోంచే ఐదుగురిని పిలిస్తే చాలు. దేశంలోని మైక్రోఫైనాన్స్ వ్యాపారంలో అంత పెద్ద భాగం ఒక్క ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే పోగవడానికి నా అనుభవంలో అసలు కారణం ఇది.

మొదట్లో ఆ సంస్థలు చేసిన మేలును తక్కువ చేయడం న్యాయం కాదు. గుంటూరు వైపు ఒక పూలు అమ్మే ఆమె నాతో అంది: "వీళ్ళు రాకముందు ఐదు రూపాయల వడ్డీకి తెచ్చేవాళ్ళమండి. అదీ ఆయన గుమ్మం ముందు గంటలకొద్దీ నిలబడితే. వీళ్ళు మా గుమ్మానికే తెచ్చిస్తన్నారు." బ్యాంకుకు వెళ్తే రేపు రమ్మంటారు. సంఘం లోను రావాలంటే తీర్మానం, గ్రేడింగు, మేనేజరు సంతకం. ప్రైవేటు సంస్థ వారం తిరక్కుండా చేతికి డబ్బు ఇచ్చేది. పేదవాళ్ళకు అప్పు ఎంతకు దొరుకుతుందన్నదెంత ముఖ్యమో, ఎప్పుడు దొరుకుతుందన్నదీ అంతే ముఖ్యం. ఆ అవసరాన్ని మొదట గుర్తించింది వ్యాపారమే. ఆ గౌరవం దానికి దక్కాలి.

రూపాయి వడ్డీ లెక్క

ఇక వడ్డీ సంగతి. ఊళ్ళో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని లెక్కిస్తారు. మా ఫీల్డ్ స్టాఫు "మాది రూపాయి వడ్డీయే అమ్మా" అని చెప్పేవారు. నోటీసు బోర్డు మీద 12.5 శాతం అని ఉండేది. నూటికి నెలకు రూపాయి అంటే ఏడాదికి 12 శాతం కాబట్టి ఆ మాట వినేవాళ్ళకు నిజంగానే అనిపించేది.

10,000 రూపాయల అప్పు, 50 వారాలు. వడ్డీ 1,250. మొత్తం 11,250ని 50తో భాగిస్తే వారానికి 225. అందులో 200 అసలు, 25 వడ్డీ. మొదటి వారం ఆమె చేతిలో పది వేలూ ఉన్నాయి, వడ్డీ 25. సగం వారాలు గడిచేసరికి ఐదు వేలు తీరిపోయింది, వడ్డీ మాత్రం 25. 49వ వారం కిస్తీ కట్టే ముందు ఆమె బాకీ 400 మాత్రమే, ఆ వారం వడ్డీ కూడా 25. ఏడాది పొడుగునా సగటున ఆమె దగ్గరున్నది సంస్థ డబ్బు ఐదు వేల చిల్లర. దాని మీద 1,250 వడ్డీ అంటే ఏడాదికి సుమారు 25 శాతం. ఊరి లెక్కలో రెండు రూపాయల వడ్డీ దాటినట్టు. ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్సు దీనికి అదనం.

పేదవాళ్ళకు పది వేలు ఇచ్చి వారం వారం ఇంటి దగ్గర వసూలు చేయడానికి ఖర్చు ఎక్కువే అవుతుంది. బ్యాంకుల దగ్గర మా సంస్థ తెచ్చుకున్న డబ్బుకూ వడ్డీ ఉంది. 25 శాతం మోసమని నేను అనను. అది 25 అని చెప్పకుండా పన్నెండున్నర అని చెప్పడం మాత్రం తప్పు. అప్పట్లో ఆ మాట అలా చెప్పకూడదని గట్టిగా అడ్డుకున్న చట్టం లేదు. చట్టం అడగలేదు కాబట్టి ఆడిట్ చెక్‌లిస్టులోనూ ఆ ప్రశ్న లేదు.

రేకు పెట్టెలో పాస్‌బుక్కులు

2009 నాటికి ఒకే వీధిలో నాలుగైదు సంస్థల ఫీల్డ్ స్టాఫు ఒకరికొకరు ఎదురుపడేవారు. సోమవారం ఒకరి మీటింగు, మంగళవారం ఇంకొకరిది, గురువారం మరొకరిది.

ఆ ఏడాది ఒక ఇంట్లో పాస్‌బుక్కు చూపించమని అడిగితే ఆ ఇల్లాలు మంచం కింద నుంచి రేకు పెట్టె లాగింది. మా పాస్‌బుక్కు కోసం వెతుకుతుంటే వేరే రంగుల పాస్‌బుక్కులు ఇంకో మూడు బయటపడ్డాయి. అడిగి తీసుకుని నాలుగూ చాప మీద పరిచాను. వారానికి 225, 180, 300, 345. మొత్తం 1,050. డ్వాక్రా సంఘం నెల వాయిదా వేరే. భర్త హమాలీ, ఆమె పత్తి ఏరడానికి పోతుంది. పత్తి తీసే రోజుల్లో తప్ప ఇద్దరి కూలీ కలిపినా, తిండి పోను వారానికి అంత మిగలదు. రెండో అప్పుతో మొదటిది, మూడోదానితో రెండోది తీరుస్తూ వచ్చింది. మా ఫైల్లో ఆమె అప్పు దేనికని రాసి ఉందో చూశాను: పాడి గేదె. పెరట్లో గేదె లేదు. ఆ డబ్బు కూతురి కాన్పు ఖర్చుకు పోయింది. అది తప్పుడు ఖర్చు కాదు, ఏ తల్లయినా అదే చేస్తుంది.

మా కంప్యూటర్లో ఆమె మచ్చలేని ఖాతాదారు. ఒక్క వారం కూడా ఆలస్యం లేదు. పైగా "తదుపరి రుణానికి అర్హురాలు" అని ఉంది. ఆ రోజు రిపోర్టులో నాలుగు పాస్‌బుక్కుల సంగతి రాశాను. ఆ ఊళ్ళో చూసిన మరికొన్ని ఇళ్ళ సంగతీ అలాంటిదే. అవి "ఇతర అంశాలు" అన్న గడిలోకి వెళ్ళాయి. బ్రాంచికి మార్కులు వేసే అంశాల్లో నగదు, సంతకాలు, హాజరు, వసూలు ఉన్నాయి. ఖాతాదారు మొత్తం అప్పు ఎంతన్నది లేదు. బ్రాంచికి "ఎ" గ్రేడు వచ్చింది. దాన్ని మార్కుల్లో చేర్చాలని నేనూ నాతోటి ఆడిటర్లూ రాసి పంపాం. బయట సంస్థల అప్పు మన పరిధిలోది కాదని పైనుంచి సమాధానం వచ్చింది.

ఆ సమాధానంలోనే ఈ రంగం జబ్బంతా ఉంది. మన డబ్బు తిరిగొస్తుందా అని వంద ప్రశ్నలు అడిగే పద్ధతి పెట్టుకున్నాం. మన డబ్బు కట్టాక ఆ ఇంట్లో ఏం మిగులుతుందన్న ఒక్క ప్రశ్నకు ఎక్కడా చోటివ్వలేదు. పోనీ ఆ రెండో ప్రశ్నే మొదటిదానికి కూడా జవాబని వ్యాపార దృష్టితోనైనా గుర్తించలేదు.

అందరి చేతులూ

తప్పంతా కంపెనీలదే అనడం తేలిక. నేను లోపలి నుంచి చూసిన లెక్క వేరు. బ్యాంకులు తమ రుణాల్లో 40 శాతం ప్రాధాన్య రంగానికి ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. మైక్రోఫైనాన్స్ సంస్థలకు ఇచ్చినదీ ఆ లెక్కలోకే వచ్చేది. పల్లెల్లో వేలమందికి చిన్న చిన్న అప్పులు ఇచ్చి తంటాలు పడేకంటే ఒక సంస్థకు వంద కోట్లు ఇస్తే కోటా తీరిపోతుంది. మార్చి నెల వచ్చిందంటే బ్యాంకులు మా రుణ ఖాతాలను కట్టలు కట్టలుగా కొనుక్కునేవి. మంచి ఉద్దేశంతో పెట్టిన ప్రభుత్వ నియమం, డబ్బును ఒకే కాలువలోకి వేగంగా తోసింది. ఆ కాలువ చివర ఎన్ని నీళ్ళు పడుతున్నాయో కొలిచేవాళ్ళు లేరు.

ఆ వెనకే పెట్టుబడి సంస్థలు వచ్చాయి. వాటికి ఏటేటా ఖాతాదారుల సంఖ్య పెరగాలి. ఫీల్డ్ అసిస్టెంటు జీతంలో కొంత భాగం కొత్త ఖాతాల మీదా, వసూలు మీదా ఆధారపడేది. ఆ కుర్రాళ్ళూ పల్లెల వాళ్ళే. ఇంటరో డిగ్రీయో చదివి, బండి అప్పుమీద కొనుక్కుని, బ్రాంచిలోనే నలుగురు కలిసి వండుకుని పడుకునేవారు. కిస్తీ రాకపోతే రాత్రి ఎనిమిదైనా ఆ వాకిట్లోంచి కదలొద్దని వాళ్ళకు చెప్పేవారు. ఆ కుర్రాడు అరవనవసరం లేదు. వాకిట్లో కూర్చుంటే చాలు, వీధి వీధంతా చూస్తుంది. గ్రూపులో మిగతా నలుగురూ ఆ గుమ్మం ముందుకు వస్తారు. పరువు తాకట్టు పెట్టుకున్నవాడు దాన్ని వేలం వేసే పద్ధతి అది.

హెచ్చరిక రాలేదా అంటే వచ్చింది. 2006 మార్చిలో కృష్ణా జిల్లా అధికారులు రెండు పెద్ద సంస్థలకు చెందిన సుమారు 50 బ్రాంచీలు మూయించారు. ఎక్కువ వడ్డీ, బలవంతపు వసూళ్ళు అన్నవి ఆరోపణలు. చర్చలు జరిగాయి, సంస్థలు ప్రవర్తనా నియమావళి రాసుకున్నాయి, బ్రాంచీలు తెరుచుకున్నాయి. అక్కడితో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఫైనాన్స్ కంపెనీలు కాబట్టి రిజర్వు బ్యాంకు చూసుకోవాలని రాష్ట్రం అంది. వడ్డీ వ్యాపారం మీద అదుపు రాష్ట్రాలదేనన్న వాదన ఇంకోవైపు. ఇద్దరు కాపలాదారుల మధ్య తలుపు నాలుగేళ్ళు తెరిచే ఉంది.

2010 ఆగస్టులో హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ షేర్ మార్కెట్లో లిస్టయింది. 1,600 కోట్ల రూపాయలకు పైగా సమీకరించింది. అమ్మకానికి పెట్టినదానికి 13 రెట్లకు పైగా షేర్లు కావాలని దరఖాస్తులు వచ్చాయి. నేను అందులో ఉద్యోగిని కాను, అయినా ఆ రోజు మా ఆఫీసులోనూ స్వీట్లు పంచారు. తరువాత మా వంతే అని అందరి ఆశ. పేదల అప్పు మీద ఇంత లాభమా అన్న ప్రశ్న అప్పుడే పత్రికల్లోనూ మొదలైంది. వెనువెంటనే అప్పుల బాధతో ఆత్మహత్యలు చేసుకున్న ఆడవాళ్ళ వార్తలు ఒక్కో జిల్లా నుంచీ రావడం మొదలైంది.

ఆర్డినెన్సు వచ్చిన వారం

2010 అక్టోబరు 15న ముఖ్యమంత్రి రోశయ్య ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ప్రతి సంస్థా జిల్లాలో రిజిస్టరు చేసుకోవాలి, అప్పటిదాకా వసూళ్ళు ఆపాలి. వారం కిస్తీలు పోయి నెల కిస్తీలే ఉండాలి. వసూలు ఇంటి దగ్గర కాకుండా గ్రామ పంచాయతీ ఆఫీసు లాంటి బహిరంగ స్థలంలో జరగాలి. మొత్తం వడ్డీ అసలును మించకూడదు. బలవంతపెడితే మూడేళ్ళ దాకా జైలు. డిసెంబరులో అది చట్టమైంది.

అందులో ఒక్కో నిబంధన చదువుతుంటే మా ఆడిటర్ల రిపోర్టుల్లో "ఇతర అంశాలు" గడి చదివినట్టే అనిపించింది. మేం ముందే రాసిన సంగతులే అవి. మార్కులు వేయించుకోలేకపోయిన అంశాలు ఇప్పుడు శిక్షలయ్యాయి. సంస్థలు సొంతంగా దిద్దుకుని ఉంటే కొంత లాభం తగ్గేది. దిద్దుకోకపోవడంతో వ్యాపారమే నిలిచిపోయింది.

ఊళ్ళలో చట్టం నిబంధనలుగా చేరలేదు. "ఫైనాన్సు అప్పులు కట్టనక్కర్లేదంట" అన్న ఒక్క వాక్యంగా చేరింది. ఆ మాటను అన్ని పార్టీల నాయకులూ మోశారు. 99 శాతం వసూలు కొద్ది వారాల్లో పదో వంతుకు పడిపోయింది. సుమారు 7,000 కోట్ల రూపాయల బాకీ అక్కడికక్కడే ఆగిపోయింది. మా కుర్రాళ్ళు పాస్‌బుక్కుల సంచులు పట్టుకుని బ్రాంచిలో కూర్చునేవారు. కొన్ని నెలల్లో వాళ్ళలో చాలామంది ఉద్యోగాలు పోయాయి. వాళ్ళ బండి కిస్తీలను ఎవరూ మాఫీ చేయలేదు.

ఆ రోజుల్లో నన్ను ఎక్కువ కలచినది కట్టగలిగి కట్టాలనుకున్నవాళ్ళ పరిస్థితి. ఒకామె కొంగు ముడిలో డబ్బు పెట్టుకుని బ్రాంచికి వచ్చి, ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దని బతిమాలి కట్టి వెళ్ళింది. కట్టకపోతే సిగ్గుపడే రోజులు పోయి, కడితే సిగ్గుపడాల్సిన రోజులు వచ్చాయి. ఇరవై ఏళ్ళుగా ఆ ఆడవాళ్ళు కట్టుకున్న మాట పట్టింపు అక్కడ దెబ్బతింది. కంపెనీలు దాన్ని మోయలేనంత బరువు పెట్టి వంచాయి. రాజకీయం దాన్ని ఒక్క దెబ్బతో విరిచింది. నష్టపోయినది మాత్రం ఆ చాపమీద కూర్చున్నవాళ్ళు. ఆ తర్వాతి ఏడాది విత్తనాలకూ, కాలేజీ ఫీజులకూ డబ్బు కావాల్సి వస్తే మళ్ళీ ఐదు రూపాయల వడ్డీ గుమ్మమే దిక్కయింది.

ఆర్డినెన్సు తేవడం తప్పా అని నన్ను చాలామంది అడిగారు. ఆత్మహత్యల వార్తలు వస్తుంటే ఏ ప్రభుత్వమూ చేతులు కట్టుకుని కూర్చోకూడదు. కూర్చోలేదు, అది సరైనదే. కానీ 2006లోనే వడ్డీ ఎలా చెప్పాలో, ఒక ఇంటికి ఎంత అప్పు మించకూడదో, వసూలుకు ఎప్పుడు వెళ్ళకూడదో నియమాలు పెట్టి తనిఖీ చేసి ఉంటే 2010లో ఇంత గట్టి దెబ్బ అవసరమయ్యేది కాదు.

తర్వాత ఏం మారింది

రిజర్వు బ్యాంకు వై.హెచ్. మాలెగామ్ అధ్యక్షతన కమిటీ వేసింది. 2011 జనవరిలో నివేదిక వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ఈ సంస్థలకు ప్రత్యేక తరగతి ఏర్పాటు చేసి, వడ్డీ, లాభం, అప్పు పరిమాణం మీద హద్దులు పెట్టారు. ఒకరికి రెండు సంస్థలకు మించి అప్పివ్వకూడదన్నారు. క్రెడిట్ బ్యూరోలు వచ్చాయి. నేను చాప మీద పాస్‌బుక్కులు పరిచి చూసినది ఇప్పుడు కంప్యూటర్లో క్షణంలో కనబడుతుంది. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు కొత్త విధానం ప్రకటించి వడ్డీ పరిమితి ఎత్తేసింది. దానికి బదులు ఇంకో హద్దు పెట్టింది: ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న ఇంట్లో, అన్ని అప్పుల కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. మేం చెక్‌లిస్టులో చోటు అడిగిన ప్రశ్న చివరికి దేశమంతటికీ నియమమైంది. 2010 నాటి రాష్ట్ర చట్టం రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన ఫైనాన్స్ కంపెనీలకు వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. ఆ సంస్థలు మళ్ళీ మన పల్లెలకు వస్తున్నాయి.

ఈలోగా ఇంకో అనుభవం ఎదురైంది. 2020 చివర్లో హైదరాబాద్‌లో లోన్ యాప్‌ల వేధింపులు, ఆత్మహత్యలు, అరెస్టులు. ఆ యాప్‌లు అప్పిచ్చే ముందు ఫోన్లోని నంబర్లన్నీ తీసుకునేవి. కిస్తీ ఆలస్యమైతే బంధువులకూ ఆఫీసులోవాళ్ళకూ ఫోన్లు, మార్చిన ఫోటోలు. చాప లేదు, మీటింగు లేదు, ఫీల్డ్ కుర్రాడు లేడు. తాకట్టు మాత్రం అదే, మనిషి పరువు. ఈసారీ నియమాలు ప్రాణాలు పోయాకే వచ్చాయి. డిజిటల్ అప్పుల మీద రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు వెలువడింది 2022 సెప్టెంబరులో. 2025 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం కూడా బలవంతపు వసూళ్ళ మీద ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఊరు మారింది, భాష మారింది, వరస మాత్రం అదే. ముందు అప్పు, తర్వాత చావు, ఆ తర్వాత చట్టం.

ఇన్నేళ్ళ పనిలో నేను తేల్చుకున్నది ఒకటుంది. వ్యాపారం ఎప్పుడూ చట్టం కంటే ముందు నడుస్తుంది, అది దాని స్వభావం. చట్టం అందుకునేలోపు ఉన్న కాలంలో మనుషులను కాపాడేది ఆ వ్యాపారం లోపలి మనుషుల నీతి ఒక్కటే. నీతి అంటే ఇక్కడ పెద్ద మాటలేమీ అవసరం లేదు. సంస్థ దేన్ని కొలుస్తుంది, దేనికి జీతం పెంచుతుంది, దేన్ని "ఇతర అంశాలు" గడిలోకి నెడుతుంది అన్న మూడింటిలోనే అది తేలిపోతుంది. ఈ రంగంలోకి కొత్తగా వచ్చే ఆడిటర్లకు, బ్రాంచి మేనేజర్లకు, బోర్డుల్లో కూర్చునేవాళ్ళకు నా విన్నపం ఒకటే. మీ సంస్థ సొంతం కాని ఏ ఆస్తి మీద ఆధారపడి లాభం చేసుకుంటోందో ముందు రాసుకోండి. ఊరి నీరు కావచ్చు, గాలి కావచ్చు, ఆడవాళ్ళ ఐకమత్యం కావచ్చు. దాన్ని చెడగొట్టకుండా ఉంచడం మీ ఆడిట్లో మార్కులున్న మొదటి అంశం కావాలి. ప్రభుత్వాలకు కూడా ఒక మాట: మొదటి ఫిర్యాదు వచ్చిన రోజే తనిఖీకి మనిషిని పంపితే ఆర్డినెన్సుల అవసరం చాలావరకు తప్పుతుంది.

చివరగా అప్పు తీసుకునే అక్కచెల్లెళ్ళకు. ఇప్పుడు నియమాలు మీ వైపు ఉన్నాయి. అప్పు వివరాలన్నీ ఉన్న కాగితం మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. ఏడాదికి నిజంగా వడ్డీ ఎంత పడుతుందో అందులో ఉంటుంది. పొద్దున 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలు కోసం ఫోన్లు చేయకూడదు. మీ పేరు నలుగురిలో బయటపెట్టకూడదు, చుట్టాలను వేధించకూడదు. అలా చేస్తే ముందు ఆ సంస్థకు, అక్కడ పరిష్కారం దొరక్కపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, వివరాలకు ఫోను నంబరు 14448. సంతకం పెట్టే ముందు ఆ కాగితం అడిగి తీసుకోండి. చదవడం రాకపోతే చదువుకున్న పిల్లల చేత చదివించుకోండి. అది ఇవ్వనివాళ్ళ దగ్గర ఎంత అవసరమున్నా అప్పు తీసుకోకండి.